రెడీమేడ్ బైలాస్: రిజిస్ట్రేషన్‌కు భేష్, సభ్యుణ్ణి తీసేయాల్సి వస్తే తుస్

రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గరి డీటీపీ సెంటర్లలో దొరికే సొసైటీ బైలాస్ (సంఘం నియమావళి) నమూనా ఒక పని మాత్రం బాగానే చేస్తుంది. పేరు, చిరునామా, ఆశయాలు, కనీసం ఏడుగురి సంతకాలు నింపితే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఫైలు కదులుతుంది. సంఘం పెరిగి మండలానికో శాఖ పెట్టాక, ఒక సభ్యుడి మీద ఫిర్యాదు వచ్చిన రోజున దాని అసలు రంగు బయటపడుతుంది.

తొలగింపు గురించి ఇందులో సాధారణంగా ఉండేది ఒకటే ముక్క: "సంఘ ప్రయోజనాలకు విరుద్ధముగా ప్రవర్తించిన సభ్యుని కార్యవర్గము తొలగించవచ్చును." ఏది విరుద్ధమో, ఎవరు విచారించాలో, గడువెంతో ఉండదు. శాఖ అన్న మాటే ఉండదు, అసలు చిక్కు అక్కడే. సభ్యత్వం ఇచ్చింది మాతృసంస్థ. శాఖ కార్యదర్శి లెటర్‌హెడ్ మీద తొలగింపు ఉత్తరం ఇస్తే, ఆ అధికారం ఎక్కడిదని అడిగినవాడికి చూపించడానికి కాగితం లేదు. బెళగావిలోని ఒక ఫ్రీమేసన్ లాడ్జి (ఫ్రీమేసన్లనే సోదర సంఘం శాఖ) తన సభ్యుణ్ణి తొలగించిన కేసులో, తొలగింపు ఎలా జరగాలో సుప్రీంకోర్టు 1960ల్లోనే తేల్చింది. తీర్పు రాసింది మన కోకా సుబ్బారావుగారే. నియమావళి చెప్పిన పద్ధతి పాటించాలి, సహజ న్యాయం (ఎదుటివాడి మాట వినడం, పక్షపాతం లేకపోవడం) తప్పకూడదు, సదుద్దేశం ఉండాలి. ఆ కేసులో లాడ్జే నెగ్గింది.

కాబట్టి సంతకాలకు ముందే ఆ ముక్క కొట్టేయించి వేరే రాయించుకోవాలి. శాఖకు 30 రోజుల వరకు కార్యక్రమాలకు దూరంగా ఉంచే అధికారం చాలు, తొలగింపు కేంద్ర కార్యవర్గానిదే. విచారణకు ముగ్గురు, వాళ్లలో ఒకరు వేరే శాఖవారు. ఫిర్యాదుదారు, సాక్షులు, ఇరుపక్షాల చుట్టాలు అందులో కూర్చోకూడదు. సంజాయిషీకి 15 రోజులు, అప్పీలుకు 30. ఈ గడువులు చట్టంలోవి కావు, పని నడవడానికి సరిపోయేవి.

ఎక్కువ కేసులు చెడేది షోకాజ్ నోటీసు దగ్గర. "సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించారు" అంటే ఎవరైనా ఏం జవాబిస్తారు? "రక్తదాన శిబిరానికి మీకిచ్చిన పుస్తకంలో 41 నుంచి 50 వరకు రసీదుల సొమ్ము క్యాష్‌బుక్‌లో జమ కాలేదు" అని రాసి, ఆ పేజీల నకలు జతచేసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచాలి. నోటీసు కంటే ముందే వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారంటే తీర్పు ముందే రాసుకున్నారన్న మాట పడుతుంది.

లైంగిక వేధింపుల విషయంలో ఈ నమూనా పూర్తిగా సున్నా. 2013 చట్టం జీతం లేని వాలంటీర్లనూ ఉద్యోగుల లెక్కలోకే తీసుకుంటుంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి: అధ్యక్షురాలు మహిళ, కనీసం సగంమంది మహిళలు, బయటివారొకరు. ఫిర్యాదుకు మూడు నెలలు, విచారణకు 90 రోజులు. పదిమంది కంటే తక్కువైతే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. బాధితులు పిల్లలైతే, వాళ్లను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి, పెద్దమనుషుల పంచాయితీ కుదరదు.

తొలగింపు గొడవ ముదిరితే సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్బిట్రేషన్‌కైనా (మధ్యవర్తి తీర్పుకైనా), జిల్లా కోర్టుకైనా వెళ్లొచ్చు. ఈ సంగతి కూడా నమూనాల్లో తరచుగా కనిపించదు.

కొనేటప్పుడు ప్రింటుతో సరిపెట్టుకోకుండా ఫైలు కూడా అడగండి. అది అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే యూనికోడ్ కాని తెలుగు అక్షరాల్లో) ఉంటే మీ కంప్యూటర్లో పిచ్చిగీతలే కనిపిస్తాయి, అక్కడే యూనికోడ్‌లోకి మార్పించుకోండి.