డీజిల్ తీసేసిన అంబాసిడర్‌కి ఏ డిస్ట్రిబ్యూటర్? నాలుగేళ్లు వాడాక నా మాట

మా బాపు 1984 మోడల్ అంబాసిడర్‌ని హన్మకొండ, పరకాల మధ్య టాక్సీగా తిప్పేవాడు. పెట్రోల్ రేటు తట్టుకోలేక మధ్యలో డీజిల్ ఇంజిన్ వేయించాడు. ఆయన పోయాక బండి ఆరేళ్లు చింతచెట్టు కిందే ఉంది. 2021లో దాన్ని లేపుదామనుకున్నప్పుడు ఆ డీజిల్ చప్పుడు మళ్లీ వినే ఓపిక నాకు లేకపోయింది. తుక్కుకు పోతున్న ఇంకో అంబాసిడర్‌లోంచి 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ తెచ్చి ఆటోనగర్‌లో ఎక్కించాం. ఆర్టీఏ అనుమతి, ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఇంధనం మార్పు ముందే చూసుకోండి. ఆ తిరుగుడు గురించి ఇక్కడ రాయను.

డీజిల్‌కి స్పార్కుతో పని లేదు. పెట్రోల్‌కి కావాలి. కాబట్టి కాయిల్, దాని వైరు, డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంటును లోపల తిరిగే రోటర్‌తో ఒక్కో సిలిండర్ ప్లగ్గుకు వరుసగా పంచేది) అన్నీ కొత్తగా చూసుకోవాల్సి వచ్చింది. ఈ నాలుగేళ్లలో మూడు డిస్ట్రిబ్యూటర్లు మార్చాను.

మొదటిది ఇంజిన్‌తో పాటే వచ్చింది. మేస్త్రి క్యాప్ తీసి రోటర్ కింది షాఫ్ట్‌ని వేలితో పక్కకు నెట్టాడు. కదిలింది. "ఇగ దీనికి ఎంత గ్యాప్ పెట్టినా ఆగదు బిడ్డా" అన్నాడు. పాయింట్లంటే ప్రతి స్పార్కుకీ కాయిల్ కరెంటును తెంపే చిన్న స్విచ్. ఆ పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. బుష్ అరిగి షాఫ్ట్ ఆడుతుంటే ఆ గ్యాప్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా తెరుచుకుంటుంది, టైమింగ్ (స్పార్కు పడే సమయం) కూడా దాంతోపాటే అటూ ఇటూ పోతుంది. వాక్యూమ్ డబ్బా (ఇంజిన్ పీల్పును బట్టి టైమింగ్ సర్దేది) పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే గాలి ధారాళంగా వచ్చింది. అంటే లోపల పొర చిరిగిందన్నమాట. పాత సామాను కొనేటప్పుడు ఈ రెండు పరీక్షలూ అక్కడే చేయండి, పైసా ఖర్చు లేదు.

రెండోది కొత్తది, పూర్తి ఎలక్ట్రానిక్. "పాయింట్లు లేవు, కండెన్సర్ లేదు, మళ్లీ మూత తీసే పనే లేదు సార్" అన్నాడు అమ్మినాయన. పొద్దున సగం సెల్ఫ్‌కే స్టార్ట్ అయ్యేది, అది నిజం. రెండు వారాలు మురిసిపోయాను. తర్వాత ఐదుగురం ఎక్కి రామప్ప వెళ్తుంటే, నాలుగో గేరులో కొంచెం ఎత్తు రాగానే డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు నాకింగ్. మేస్త్రి టైమింగ్ లైటు పెట్టి చూస్తే, ఇంజిన్ కాస్త వేగం అందుకోగానే అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్కు ముందుకు జరగడం) మొత్తం ఒక్కసారే వచ్చేస్తోంది. విప్పితే లోపల అడ్వాన్స్ బరువులను పట్టి ఉంచే స్ప్రింగులు సన్నగా, చేత్తో లాగితే సాగేంత మెత్తగా ఉన్నాయి. నాకింగ్ ఆపడానికి టైమింగ్ వెనక్కి తిప్పితే పికప్ చచ్చిపోయింది. మే నెలలో కరీంనగర్ రోడ్డు మీద టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కడం మొదలైంది. టైమింగ్ వెనకబడితే ఇంజిన్ వేడెక్కుతుందని అప్పటిదాకా నాకు తెలియదు, రేడియేటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంకో సంగతి. ఈ ఇంజిన్‌లో రోటర్ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, ఫైరింగ్ వరుస 1-3-4-2. క్యాప్ పడుతోంది, గొట్టం సరిపోతోంది అని వేరే బండిది తెచ్చి దూర్చకండి. రెండో దిశలో తిరగడానికి చేసినదైతే లోపలి బరువులు అడ్వాన్స్ సరిగ్గా ఇవ్వవు.

మూడోది సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతికి తెచ్చిన పాత లూకాస్ టీవీఎస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ బాడీ. ఆటోనగర్‌లోనే లేత్ మీద కొత్త బుష్‌లు కొట్టించి, వాక్యూమ్ డబ్బా కొత్తది వేయించి, దాని పాత స్ప్రింగులు అలాగే ఉంచాం. బిగించిన రోజు కార్బరేటర్‌లోంచి ఠప్పుమని ఎదురు పేలింది. తప్పు డిస్ట్రిబ్యూటర్‌ది కాదు. దాన్ని తిప్పే గేరు షాఫ్ట్‌ని బ్లాకులో ఎవరో ఎప్పుడో తప్పుగా దింపారు. ఆ షాఫ్ట్ తలలో మర ఉంటుంది. 5/16 అంగుళాల యూఎన్ఎఫ్ (సన్న మర) పొడవు బోల్టు బిగించి పైకి లాగాడు మేస్త్రి. ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, షాఫ్ట్‌ని మళ్లీ సరిగ్గా దింపాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

పాయింట్లతో ఏడాదిన్నర నడిపాను. నాలుగు వేల కిలోమీటర్లకోసారి గ్యాప్ చూడాలి, పాయింట్ మడమ ఆనే చోట కాస్త గ్రీజు పెట్టాలి. మడమ అరిగితే గ్యాప్ తగ్గి టైమింగ్ వెనక్కి జారుతుంది. ఇదంతా పది నిమిషాల పని. నన్ను ఏడిపించింది కండెన్సర్లే (పాయింట్లు తెరుచుకున్నప్పుడు అక్కడ నిప్పురవ్వలు రాకుండా ఆపేవి). కొత్తవి మూడు పోయాయి, మూడూ బండి బాగా వేడెక్కాకే. పాత స్టాకు ఎక్కడ కనబడినా రెండు కొని పెట్టుకోండి.

2023లో అదే బాడీలో పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేశాను. దానికి 3 ఓంల కాయిల్, కార్బన్ తీగ ఉన్న ప్లగ్ వైర్లు పెట్టాను. మామూలు రాగి తీగ వైర్లు ఉంచితే మాడ్యూల్‌కి ముప్పు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయాం. డిక్కీలో మా చెల్లె మొక్కిన నిలువెత్తు బంగారం (మనిషి బరువంత బెల్లం), లోపల ఆరుగురం. పస్రా దాటాక ఐదు గంటలు ఫస్ట్ గేరులో దుమ్ములో పాకాం. ఒక్క మిస్సింగ్ లేదు, నాకింగ్ లేదు.

ఆ మాడ్యూల్ పోయిన తీరు చెప్పాలి. పోయినేడు పెళ్లికి పోతే మా మేనల్లుడు పాటలు వినడానికి ఇంజిన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచాడు. గంట తర్వాత కాయిల్ చేయి పెట్టలేనంత వేడి, మాడ్యూల్ మాడిపోయింది. డిక్కీలో ఉన్న పాయింట్ల ప్లేటు, కండెన్సర్ తీసి ఫంక్షన్ హాల్ బయటే, ఫోన్ లైటు వెలుతురులో అరగంటలో బిగించి ఇంటికొచ్చాం. కొత్త మాడ్యూల్ తెచ్చి ఆర్నెల్లయింది. బండి బాగానే నడుస్తోంది, అది ఇంకా బీరువాలోనే ఉంది.