సెయింట్ మాలోనా, లా రోషెలా: ఏ రేవుకు వెళ్తే మేలు?

పారిస్ చూశాక రెండు రోజులు మిగిలి, పాత ఓడరేవు ఒకటి చూడాలనుంటే నేను చెప్పే పేర్లు ఇవి రెండే. రెండింటికీ పారిస్‌లోని మోన్‌పార్నాస్ స్టేషన్ నుంచి నేరుగా టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) ఉంది. మూడు గంటల ప్రయాణం అనుకోండి.

చరిత్ర కోసమే వెళ్తుంటే మాత్రం నా ఓటు లా రోషెల్‌కే. అక్కడ మీరు తాకేది అసలైన పాత రాయి. రేవు ముఖద్వారానికి అటొకటి ఇటొకటి కాపలా బురుజులున్నాయి. ఒకప్పుడు వాటి మధ్య గొలుసు కట్టి ఓడలను ఆపేవారు. కాస్త అవతల లాంతరు బురుజు చాలాకాలం జైలుగా ఉండేది. ఇరుకు మెట్లెక్కి లోపలికి వెళ్తే మెత్తటి సున్నపురాయి గోడల మీద ఖైదీ నావికులు చెక్కిన ఓడలు, పేర్లు వందల్లో కనిపిస్తాయి. తెరచాపల తాళ్లు కూడా వదలకుండా చెక్కారు. వాటి కోసమైనా గంటసేపు కేటాయించండి.

1627-28లో ఫ్రాన్స్ రాజు మంత్రి రిషెల్యూ ఈ ప్రొటెస్టెంట్ల ఊరిని ముట్టడించి, సముద్రం వైపు నుంచి సాయం రాకుండా దాదాపు కిలోమీటరున్నర పొడవున కట్ట వేయించాడు. సుమారు 27 వేల జనంలో చివరికి మిగిలింది 5 వేల మందే. తర్వాతి శతాబ్దంలో ఊరికి మళ్లీ డబ్బొచ్చింది కానీ, అందులో చాలా భాగం బానిసల వ్యాపారం, కరీబియన్ తోటల సొమ్ము. ఒక వర్తకుడి భవనంలోనే పెట్టిన న్యూ వరల్డ్ మ్యూజియం ఆ కథ చెబుతుంది. అది చూడకుండా రేవు అందాన్ని మాత్రమే మెచ్చుకుని రావడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

సెయింట్ మాలోలో కోటగోడ లోపలి ఊరు రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఆగస్టులో చాలావరకు నేలమట్టమైంది. ఇప్పుడు కనిపించే గ్రానైట్ ఇళ్లలో ఎక్కువ భాగం తిరిగి కట్టినవి. గోడలు మాత్రం నిలిచాయి, వాటి మీద ఊరంతా చుట్టి రావచ్చు. ఇక్కడ అసలు ఆకర్షణ సముద్రమే. పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం 12 మీటర్ల దాకా మారుతుంది. ఆటు సమయంలో ఫ్రెంచ్ రచయిత షాటోబ్రియాన్ సమాధి ఉన్న గ్రాన్ బే దీవికి నడిచి వెళ్లొచ్చు. ఆలస్యమైతే నీరు దారిని కప్పేస్తుంది, మళ్లీ తగ్గేదాకా గంటల తరబడి అక్కడే ఉండాలి. అందుకే హోటల్ కన్నా ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి.

మన దేశంతో ముడిపడిన చరిత్ర కూడా ఈ ఊరిదే. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచ్ నౌకా సేనాని లా బూర్డొనే ఇక్కడే పుట్టాడు. 1800లో బంగాళాఖాతంలో బ్రిటిష్ వారి ‘కెంట్’ ఓడను పట్టిన, ప్రభుత్వ అనుమతితో శత్రు ఓడలను దోచే ఫ్రెంచ్ నావికుడు సుర్కూఫ్‌దీ ఈ ఊరే.

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే లా రోషెల్ సుఖం. ఊరు చదును, బురుజులెక్కే ఓపిక లేనివాళ్లు రేవు గట్టున హాయిగా తిరగొచ్చు. మాంసం తిననివాళ్లకు మాత్రం సెయింట్ మాలో కాస్త నయం. మన అట్టులా పల్చగా వేసే బక్‌వీట్ గాలెట్ చీజ్‌తో దాదాపు ప్రతి వీధిలో దొరుకుతుంది. గుడ్డు, హ్యామ్ వద్దని ముందే చెప్పండి.