మా పీఎఫ్ కన్సల్టెంటుకు ఐదుకు మూడున్నర

విజయవాడలో మాకు ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీల బ్రోషర్లు వేస్తాం. 2020 మార్చి నాటికి జీతాల రిజిస్టరులో ఇరవై ముగ్గురు. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) పనులు చూడటానికి నెలకు 3,500 రూపాయలకు ఒక కన్సల్టెంటును పెట్టుకున్నాం. ఆయన పేరు రాయను. తిట్టవలసినవి కొన్ని ఉన్నాయి, అలాగని ఆయన పొట్ట కొట్టాలని లేదు. ఇలాంటి సేవ తీసుకుంటున్న చిన్న యజమానులకు పనికొస్తుందని రాస్తున్నాను.

సరిగ్గా శార్వరి ఉగాది నాడే లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్, మే ముహూర్తాల శుభలేఖలు కట్టలు కట్టి బైండింగ్ బల్లల మీద ఉన్నాయి. తీసుకెళ్లేవారు లేరు, బాకీ తీర్చేవారు అసలే లేరు. నాలుగు రోజులకు, మార్చి 29న, కేంద్ర హోం శాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఉత్తర్వు ఇచ్చింది: మూసి ఉన్న కాలానికి కూడా కోత లేకుండా జీతాలు ఇవ్వాలని. కన్సల్టెంటుకు ఫోను చేశాను. "ఉత్తర్వు ఉత్తర్వే మేడమ్, మొత్తం ఇవ్వాల్సిందే" అన్నారు. కొన్నాళ్లకు "సుప్రీంకోర్టులో కేసులు పడ్డాయట, ఆగండి" అన్నారు. ఆ తరవాత వారానికి "లేఆఫ్ చూపించి సగం ఇవ్వండి, చట్టంలో ఉంది" అన్నారు. పని లేనప్పుడు పనివాళ్లను తాత్కాలికంగా ఆపి ఉంచడమే లేఆఫ్. చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఆ సగం జీతం నియమం యాభై మందికి తక్కువ ఉన్న చోట వర్తించేది కాదు. ఈ ముక్క మా తోడికోడలి తమ్ముడు, వకీలు, ఫోనులో రెండు నిమిషాల్లో చెప్పాడు. నేను నెలనెలా ఫీజు కడుతున్నది ఆ అబ్బాయికి కాదు కదా!

ఇంకో రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో మెసేజ్ పంపారు. పనివాళ్లలో ఒక్కరికి కరోనా వచ్చినా యజమానిని జైల్లో పెడతారట, యూనిట్‌కు సీలు వేస్తారట. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అలాంటిదేమీ లేదని హోం శాఖ ఏప్రిల్ 23న రాష్ట్రాలకు స్పష్టంగా రాసింది. భయపెట్టే కాగితం పంపిన మనిషి ధైర్యం చెప్పే కాగితం పంపలేదు. అది నేను పేపర్లో చదివి తెలుసుకున్నాను.

ఇక మెచ్చుకోవలసింది. వందమందిలోపు ఉండి, తొంభై శాతం మంది జీతం పదిహేను వేల లోపు ఉన్న సంస్థల్లో ఆ తక్కువ జీతాల వారి పీఎఫ్, ఉద్యోగి వాటా, యజమాని వాటా కలిపి 24 శాతం, కేంద్రమే కట్టే పథకం వచ్చింది. మొదట మార్చి నుంచి మే దాకా, తరవాత ఆగస్టు దాకా. మా దగ్గర పదిహేను వేలు దాటినవాళ్లు ఇద్దరే, మెషిన్ ఆపరేటరు, డిజైనరు. ఇరవై ముగ్గురిలో ఇరవై ఒక్కరంటే 91 శాతం. కటింగ్ మెషిన్ అతనికి జీతం పెంచుతానని అంతకుముందే మాట ఇచ్చి ఉన్నాను. పెంచి ఉంటే అతనూ పదిహేను వేలు దాటి, లెక్క 87కి పడిపోయి పథకం చేజారేది. కన్సల్టెంటే ఈ లెక్క వేసి, హాజరు పట్టీ తెప్పించుకుని, ఆరు నెలల రిటర్నులూ (పీఎఫ్ ఆఫీసుకు నెలనెలా పంపే లెక్కలు) గడువు దాటకుండా పంపారు. ఫారాల దగ్గర ఆయన చెయ్యి తిరిగిన మనిషి.

చట్టం మాట చెప్పమంటేనే కష్టం. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులూ కార్మికులూ మాట్లాడుకుని ఆ జీతాల సంగతి తేల్చుకోవాలని, అంతవరకు యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దని చెప్పింది. హోం శాఖ ఉత్తర్వు అప్పటికే మే 18 నుంచి రద్దయింది. అంటే తేలవలసింది 54 రోజుల జీతం. మార్చి వారం పూర్తిగా, ఆ తరవాత రోజులకు అరవై శాతం, మిగిలింది దసరాకు ఇస్తానన్నాను. మావాళ్లు సరేనన్నారు. ఒప్పంద పత్రం రాయడానికి కన్సల్టెంటు విడిగా 5,000 తీసుకున్నారు.

అందరినీ కూర్చోబెట్టి చదువుతుంటే, మూడో పేజీలో మా పెద్ద బైండరు చెయ్యి ఎత్తాడు.

"అమ్మా, మనకు క్యాంటీన్ ఎక్కడుంది?"

చూస్తే మూడు షిఫ్టులు, క్యాంటీన్ రాయితీ, కంపెనీ బస్సు అన్నీ ఉన్నాయి. వేరే ఎవరికో రాసిన పత్రంలో పేరు మార్చి మాకు ఇచ్చారు. ఒక చోట ఆ పేరు మార్చడం కూడా మరిచిపోయారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఐదు వేలు మాత్రం నవ్వలేదు.

ఆ డిసెంబరులో పెళ్లిళ్లు ఉన్నా శుభలేఖలు వంద వేయించేవారే. నలుగురిని రిజిస్టరు నుంచి తీసేసి, పని ఉన్న రోజు కూలి ఇచ్చి పంపుదామనుకున్నాను. ఆ నలుగురిలో పెద్ద బైండరు కూడా ఉన్నాడు. కన్సల్టెంటు ఒప్పుకోలేదు. "పని ఇచ్చినన్ని రోజులకే జీతం ఇవ్వండి మేడమ్, పేరు మాత్రం తీయకండి. ఆ రిటర్ను నా చేత్తో వేయను" అన్నారు. విసుక్కుంటూనే ఊరుకున్నాను.

2021 మేలో బైండరు కోవిడ్‌తో పోయాడు.

ఆ తరవాత నెలలో ఈఎస్ఐ పథకం ఒకటి వచ్చింది. కోవిడ్‌తో చనిపోయిన కార్మికుడి సగటు వేతనంలో 90 శాతం లెక్కన అతని మీద ఆధారపడినవారికి నెలనెలా ఇస్తామన్నారు. కాకపోతే జబ్బు బయటపడడానికి కనీసం మూడు నెలల ముందే పేరు నమోదై ఉండాలి, చందా కట్టిన రోజులూ తగినన్ని ఉండాలి అన్నారు. పీఎఫ్‌తో వచ్చే బీమా గరిష్ఠ మొత్తాన్ని కూడా ఆ ఏప్రిల్‌లోనే ఏడు లక్షలకు పెంచారు. బైండరు పీఎఫ్‌లో నామినీ గడి ఖాళీగా ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, రిజిస్టరులో ఇంకోలా ఉంది. ఆ కాగితాలన్నీ కన్సల్టెంటే సరిచేయించారు. బైండరు భార్యను స్కూటరు మీద ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు నాలుగుసార్లు తీసుకెళ్లారు. దరఖాస్తులో ఆమె వేలిముద్ర వేయబోతుంటే ఆపి, "సంతకం వచ్చు కదమ్మా, నెమ్మదిగా పెట్టండి" అన్నారట. ఇది ఆమే నాకు చెప్పింది. ఆ నాలుగు తిరుగుళ్లకు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

కాబట్టి రిటర్నులకు, కార్మికుల క్లెయిములకు ఐదుకు ఐదు. చట్టం మీద సలహాకు రెండు, అదీ మొహమాటానికి. మొన్న ఫీజు 4,500 చేశారు, బేరం ఆడకుండా ఒప్పుకున్నాను. ఒప్పంద పత్రాలు మాత్రం ఇప్పుడు మా తోడికోడలి తమ్ముడి చేత రాయిస్తున్నాను, అతనికీ ఫీజు ఇచ్చే.