సీగ్రాస్‌స్పాటర్ యాప్ రివ్యూ: నీటి అడుగున గడ్డిని కూడా ఎవరో ఒకరు లెక్కపెట్టాలిగా

సముద్రాన్ని కాపాడుకుందాం అంటూ పోస్టర్లు, వీడియోలు ఎన్నో వస్తుంటాయి, చూస్తాం, అయ్యో అనుకుంటాం, ఆ తర్వాత మనం చేయాల్సిన పనేంటో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ యాప్ నాకు అక్కడే నచ్చింది, చేతికి ఒక పని ఇస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువ నీళ్ళల్లో సీగ్రాస్ అనే సముద్రపు గడ్డి కనపడితే ఫోటో తీసి, ఎక్కడ తీశామో పెట్టి, ఏ జాతో తెలిస్తే అదీ పెట్టి అప్‌లోడ్ చేయాలి, తెలిసినవాళ్ళు ఫోటో చూసి జాతి కరెక్టో కాదో తేలుస్తారు. అంతే పని. ఫోన్‌లోనూ ఉంది, వెబ్‌సైట్‌గానూ ఉంది, ఫ్రీ.

నడిపేది ప్రాజెక్ట్ సీగ్రాస్ అనే సంస్థ, 2013లో బ్రిటన్‌లోని వేల్స్‌లో మొదలైంది. యాప్ చేసి కూర్చున్నవాళ్ళు కాదండీ, వేల్స్‌లోనే డేల్ అనే చోట స్వాన్సీ యూనివర్సిటీ, ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లాంటి వాళ్ళతో కలిసి 10 లక్షలకి పైగా సీగ్రాస్ విత్తనాల్ని చిన్న చిన్న గోనె సంచుల్లో పెట్టి, ఆ సంచుల్ని తాళ్ళకి కట్టి సముద్రం అడుగున 2 హెక్టార్లలో దించారు. అందుకే ఈ యాప్ మీద నాకు నమ్మకం ఎక్కువ, ఫోటోలు అడుగుతున్నవాళ్ళు నీళ్ళల్లోకి దిగి పని చేసేవాళ్ళే.

సీగ్రాస్ గురించి అస్సలు తెలియనివాళ్ళకి: ఇది సముద్రపు నాచు కాదు. నాచుకి నిజమైన వేళ్ళుండవు, రాయిని పట్టుకుని ఉంటుంది అంతే, దీనికి వేళ్ళున్నాయి, ఆకుల్లో ఈనెలున్నాయి, నీళ్ళ కిందే పూలు పూసి విత్తనాలు కూడా కడుతుంది. ప్రపంచం మొత్తం మీద 70 పైచిలుకు జాతులున్నాయి. చేప పిల్లలు దాక్కునేది ఇందులోనే, డుగాంగ్ అనే సముద్రపు ఆవు రోజుకి 30, 40 కేజీలు మేసేదీ ఇదే, మేసిన చోట ఇసుకలో పొడుగ్గా చాళ్ళు పడి కనిపిస్తాయి. పగడపు దిబ్బల ఫోటోలు అందరూ షేర్ చేస్తారు, ఈ గడ్డిని ఎవరూ పట్టించుకోరు, నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఫోటో కోసం వంగి చూడటం మొదలుపెట్టాక మన కళ్ళే మారిపోతాయి. హాలోఫిలా ఓవాలిస్ అని ఒకటి ఉంటుంది, ఆకు బొటనవేలి గోరంత, కోలగా, రెండేసి ఆకులు జంటగా ఇసుకలోంచి లేస్తాయి, ఒక ఆకుని వెలుతురు పడేలా చూస్తే మధ్య ఈనె నుంచి అంచు దాకా అడ్డంగా సన్నటి ఈనెలు వరసగా కనిపిస్తాయి. సైమోడోసియా అనే ఇంకో రకం సీగ్రాస్‌లో రెండు జాతులు పైకి ఒకేలా ఉంటాయి, ఆకు కొన దగ్గరికి వెళ్తే సెర్రులాటాకి అంచు రంపంలా పళ్ళుపళ్ళుగా ఉంటుంది, రొటుండాటాకి నున్నగా ఉంటుంది. కాబట్టి కొన విరిగిపోని లేత ఆకుని వెతికి తీయండి, కొన లేని ఫోటోతో చూసేవాళ్ళు కూడా ఏం చెప్పలేరు.

ఇదంతా ఎందుకంటారా, అమెరికాలో వర్జీనియా తీరంలో 1930ల్లో తెగులు వచ్చి, పైన 1933లో తుఫాను కొట్టి గడ్డి మొత్తం పోయింది. దశాబ్దాల పాటు అడుగు బోసిగానే ఉంది. 1999 తర్వాత శాస్త్రవేత్తలు, వాలంటీర్లు కలిసి పూత కాడల్ని చేత్తో ఏరి, విత్తనాలు తీసి, చల్లడం మొదలుపెట్టారు, 7 కోట్లకి పైగా చల్లారు, ఇప్పుడు అక్కడ సుమారు 3,600 హెక్టార్ల గడ్డి మైదానం ఉంది. అంటే పోయింది తిరిగి వస్తుంది, మనుషులు పూనుకుంటే. కానీ వచ్చింది ఉండిపోతుందనే గ్యారంటీ లేదు, ఫ్లోరిడాలో టాంపా బే అనే అఖాతం చూడండి, మురుగునీటి శుద్ధి బాగుచేసి నైట్రోజన్ తగ్గించాక 1982లో దాదాపు 21,600 ఎకరాలున్న గడ్డి 2016కి 41 వేలు దాటింది, 2022కి మళ్ళీ 30 వేల దాకా పడిపోయింది. నైట్రోజన్ ఎక్కువైతే నాచు పెరిగి నీళ్ళు మురికవుతాయి, నీళ్ళు మురికిగా ఉంటే ఎండ అడుక్కి దిగదు, ఎండ లేకపోతే గడ్డి బతకదు. అందుకే ఎప్పటికప్పుడు చూస్తూ ఉండే కళ్ళు కావాలి, అన్ని తీరాలకీ సరిపడా సైంటిస్టులు ఎక్కడినుంచి వస్తారు?

ఇక లోటు ఏంటంటే, జనం పెట్టిన ఫోటోలు యాప్ మ్యాప్‌లో చుక్కలుగా కనిపిస్తాయి, చుక్క ఉన్న చోట గడ్డి ఉన్నట్టే, చుక్క లేని చోట లేనట్టు మాత్రం కాదు, అక్కడికి ఎవరూ వెళ్ళలేదేమో. లోతుగా, బురదగా ఉండే చోట్ల ఫోన్‌తో పని జరగదు కూడా. గడ్డి పెరుగుతోందా తగ్గుతోందా అని ఏళ్ళ తరబడి కొలవాలంటే సీగ్రాస్‌వాచ్ పద్ధతి బెటర్, 1998లో ఆస్ట్రేలియాలో మొదలైంది, 50 మీటర్ల గీతలు మూడు పరిచి, 50 సెంటీమీటర్ల చదరపు ఫ్రేమ్ వేసుకుంటూ లెక్కపెడతారు, దానికి ట్రైనింగ్ కావాలి, ఓపిక కావాలి. కొత్తవాళ్ళు మాత్రం ఈ యాప్‌తో మొదలుపెట్టొచ్చు, స్కూల్ పిల్లలకైతే మరీ మంచిది.

తెలుగులో లేదు, అదొక్కటే నా పెద్ద కోరిక. రోజూ నీళ్ళ మీదే ఉండే మత్స్యకారులకి గడ్డి ఎక్కడుందో మనందరికంటే బాగా తెలుసు, వాళ్ళ భాషలో అడిగితే ఎంత సమాచారం వస్తుందో ఆలోచించండి. ఐదుకి నాలుగు స్టార్లు.

వాడబోయేవాళ్ళకి: అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయి, నీళ్ళు తగ్గే ఆ పాటు టైమ్ చూసుకుని వెళ్ళండి, మళ్ళీ పోటు మొదలయ్యేలోపు ఒడ్డుకి వచ్చేయండి. ఒక ఫోటో మైదానం మొత్తం వచ్చేలా, ఒకటి ఆకు కొన దగ్గరగా, పక్కన వేలు పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. గడ్డి మీద తొక్కకుండా ఇసుక ఉన్న చోట అడుగులేయండి. పడవ లంగరు గొలుసు తిరిగి తిరిగి గుండ్రంగా బోడిగా చేసిన మచ్చ కనిపిస్తే దాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి, లంగరు చోటు మార్చమని ఎప్పుడైనా అధికారుల్ని అడగాల్సి వస్తే చూపించడానికి పనికొస్తుంది.