దుబాయ్‌లో ఆఫ్‌ప్లాన్ ఫ్లాట్ కొంటున్నారా? టోకెన్ డబ్బు ఎవరి ఖాతాలో వేస్తున్నారో ముందు చూడండి

హైదరాబాద్‌లో ఫలానా హోటల్‌లో దుబాయ్ ప్రాపర్టీ షో అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చినవాళ్ళు, ఇక్కడ కరామాలో, బర్ దుబాయ్‌లో ఉంటూ ఏజెంట్ల ఫోన్లు ఎత్తుతున్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. జుమేరా విలేజ్ సర్కిల్‌లో ఆఫ్‌ప్లాన్‌లో, అంటే కట్టడం పూర్తికాకముందే, స్టూడియో ఫ్లాట్ బుక్ చేస్తే నాకు జరిగింది ఇది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు.

ఏజెంట్ మన తెలుగువాడే. "అన్నా, మొదట 10 శాతం కట్టు, తర్వాత నెలకు 1 శాతం. 20 శాతం అవగానే నేనే అమ్మిపెడతా, మిగతాది కొన్నవాడు చూసుకుంటాడు" అన్నాడు. టోకెన్ 20,000 దిర్హమ్‌లు ఆ సాయంత్రంలోపే పడాలన్నాడు. పంపిన ఖాతా ఏజెన్సీ పేరు మీద ఉంది. ఇదేంటని అడిగితే, "యూనిట్ బ్లాక్ చేయడానికే అన్నా, బిల్డర్‌కు మేమే పంపిస్తాం" అన్నాడు.

తర్వాత చేతికొచ్చిన అగ్రిమెంట్‌లో వేరేలా ఉంది. ధరలో 40 శాతం కట్టేదాకా ఫ్లాట్ ఇంకొకరికి అమ్ముకోవడానికి బిల్డర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వడట. లెక్క వేయండి. 20 శాతానికి 10 నెలలు చాలు, 40 శాతానికి 30 నెలలు పడుతుంది. సంతకం పెట్టనని చెప్పి డబ్బు వెనక్కి అడిగాను. రిజర్వేషన్ ఫారం అడుగున, సంతకం గీత కింద, చీమంత అక్షరాల్లో ఉన్న 'నాన్ రిఫండబుల్' మాట చూపించారు. బిల్డర్ ఆఫీసుకు వెళ్తే, నా పేరు మీద తమకు ఒక్క దిర్హమ్ కూడా రాలేదన్నారు. ఒళ్ళు మండిపోయింది.

ఆఫ్‌ప్లాన్ అమ్మకాల డబ్బు ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలోకే (ఆ ప్రాజెక్టు పనికే వాడాల్సిన ప్రత్యేక బ్యాంకు ఖాతా) వెళ్ళాలని దుబాయ్‌లో 2007 నాటి 8వ నంబరు చట్టం చెబుతోంది. ఆ మరుసటి ఏడాది మార్కెట్ కూలినప్పుడు ఎన్నో ప్రాజెక్టులు మధ్యలో ఆగిపోయి, కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు. కాబట్టి ఖాతా పేరులో ప్రాజెక్టు పేరు, ఎస్క్రో అనే మాట కనిపించకపోతే పైసా పంపకండి. దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ (ఆస్తుల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ శాఖ) వాళ్ళ దుబాయ్ రెస్ట్ యాప్‌లో ప్రాజెక్టు పేరు కొడితే అది రిజిస్టర్ అయిందో లేదో, పని ఎంత శాతం అయిందో తెలుస్తుంది. ఏజెంట్‌ను రెరా (అక్కడి రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఇచ్చిన బ్రోకర్ కార్డు అడగండి. నసిగితే అక్కడే వదిలేయండి.

ఈ ఏజెంట్లు నోరు విప్పని విషయం ఇంకొకటి ఉంది. కిస్తీలు ఆపేస్తే ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ద్వారా 30 రోజుల నోటీసు వస్తుంది. అప్పటికీ కట్టకపోతే, పని 60 శాతం దాటిన బిల్డింగ్‌లో బిల్డర్ మొత్తం ధరలో 40 శాతం దాకా ఉంచేసుకోవచ్చు. పని మొదలై 60 శాతం లోపే ఉంటే 25 శాతం దాకా. మీరు కట్టిన దాంట్లో కాదు, ఫ్లాట్ ధరలో! నెలకు 1 శాతమే కదా అని జీతం మీద భరోసాతో దిగేవాళ్ళు, ఉద్యోగం పోతే ఏమవుతుందో ఇక్కడే ఆలోచించాలి.

ధర మీద 4 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు వేరే. స్టూడియో కొంటే గోల్డెన్ వీసా (దీర్ఘకాలం ఉండనిచ్చే వీసా) వస్తుందన్న మాట కూడా నమ్మకండి, దానికి ఆస్తి విలువ 20 లక్షల దిర్హమ్‌లు ఉండాలి. ఇండియా నుంచి పంపేవాళ్ళకు ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. రిటర్న్స్‌లో సర్దుబాటవుతుంది గానీ, అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు.

నా దగ్గర బ్యాంకు స్లిప్పు, ఏజెంట్ వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి, ఫిర్యాదుకు అవే ఆధారం. 20 శాతానికే అమ్మిపెడతానన్న మాట మాత్రం ఫోన్లోనే చెప్పాడు, ఇప్పుడు అనలేదంటున్నాడు. మీకు ఎవరైనా అలా చెబితే అదే మాట మెసేజ్‌లో రాసి పంపమనండి. ఏజెన్సీ ఖాతాలో ఇప్పటికే టోకెన్ వేసినవాళ్ళు ఉంటే, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే నేరుగా బిల్డర్ ఆఫీసుకు వెళ్ళి, మీ డబ్బు ఎస్క్రోలో పడిందో లేదో రాతపూర్వకంగా అడగండి.