పాత కారుకి ఇంట్లోనే రిపేరు: అంబాసిడర్, కార్బొరేటర్ 800, ఎంపీఎఫ్‌ఐ 800... ఏది మేలు?

మా బావగారి 2003 మారుతి 800కి బ్యాటరీ చార్జి ఎక్కడం లేదని ఓ ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తాం. వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, జీవితమంతా అంబాసిడర్ టాక్సీలు నడిపిన మనిషి. ఆయన వచ్చి, "ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ ఒకటి ఊడదీయండి బాబూ. బండి ఆగకపోతే డైనమో మంచిదే" అన్నారు. ఊడదీశాం. బండి ఒక్కసారి ఉలిక్కిపడి ఆగింది. మళ్లీ స్టార్ట్ కాలేదు. షెడ్డుకి లాక్కెళ్తే ఇంజిన్ కంప్యూటర్ బాక్సు కాలిపోయిందన్నారు.

పెద్దాయన అబద్ధం చెప్పలేదు. బ్యాటరీని చార్జి చేసే నిజమైన డైనమో ఉన్న పాత అంబాసిడర్ల కాలంలో ఆ పరీక్ష షెడ్డుల్లో అందరూ చేసిందే. డైనమో చోట ఆల్టర్నేటర్ వచ్చాక సంగతి మారింది. కరెంటును సర్దుకునే బ్యాటరీని ఒక్కసారిగా తప్పిస్తే ఓల్టేజీ క్షణంలో ఎగదన్నుతుంది. లైట్లు, కాయిల్ మాత్రమే ఉన్న బండి దాన్ని తట్టుకోవచ్చు, కంప్యూటర్ ఉన్న బండి తట్టుకోవాలని లేదు.

"పాత కారు కొని నేనే బాగుచేసుకుంటాను, ఏది కొనమంటావు?" అని అడిగేవాళ్లకి నేను మైలేజీ గురించి ముందు చెప్పను. మీ చుట్టూ ఉన్న సలహాలు ఏ బండి మీద పుట్టినవో చూసుకోమంటాను. మన ఊళ్లలో సొంత చేత్తో రిపేరు అనగానే మాటకొచ్చేవి మూడు: అంబాసిడర్, కార్బొరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న మారుతి 800, 2000 ప్రాంతంలో వచ్చిన ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతి) మారుతి 800. నేను 18 ఏళ్లుగా 1996 నాటి కార్బొరేటర్ 800 నడుపుతున్నాను. మా పెదనాన్నగారి అంబాసిడర్ కింద దూరి గ్రీజు కొట్టిన చేతులే ఇవి. బావగారి బండి పుణ్యమా అని ఎంపీఎఫ్‌ఐ కూడా నేర్చుకోక తప్పలేదు.

బండి స్టార్ట్ కాని రోజు నుంచే మొదలుపెడతాను, మూడింటి తేడా అక్కడే బయటపడుతుంది.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ బానెట్ కింద ఎంత ఖాళీ ఉంటుందంటే, పానా పట్టుకున్న చేయి మోచేతిదాకా తిరుగుతుంది. ప్లగ్గులకి కరెంటు పంచే డెల్కో మూత తీస్తే, ఆ కరెంటును తెంచి కలిపే పాయింట్లు కళ్లెదుటే. ఫిల్లర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టి, మాడిన చోట సన్న ఎమరీ పేపర్‌తో రుద్దితే సగం సార్లు బండి లేస్తుంది. వాల్వుల్ని తెరిచే ట్యాపెట్ల సందు అంగుళంలో వెయ్యికి 15 వంతులు. టైమింగ్ బెల్టు లేదు, చైనే. పాత మోడళ్లలో బ్యాటరీ చచ్చినా హ్యాండిల్ వేసి తిప్పి లేపొచ్చు. ఈ ఇంజిన్ దగ్గర ఏదీ దాచిపెట్టి ఉండదు. ఎక్కడ ఏం చెడిందో వాసనతో, చప్పుడుతో, చేతి వేడితో తెలుసుకోవచ్చు.

ఒక్క చిక్కు మాత్రం కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. దీని నట్లు, బోల్టులు అంగుళాల కొలతవి. మీ పెట్టెలోని 12, 13, 14 పానాలు పట్టినట్టే ఉంటాయి, గట్టిగా బిగిస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతుంది. 7/16, 1/2, 9/16 పానాలు విడిగా కొనుక్కోవాలి. తర్వాత వచ్చిన ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్‌కి మళ్లీ మిల్లీమీటర్ల పానాలే. కొనేముందు బానెట్ ఎత్తి ఏ ఇంజినో చూడాలి.

కార్బొరేటర్ 800 దీనికి తమ్ముడు లాంటిది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆగిపోతే అడగాల్సినవి రెండే ప్రశ్నలు: నిప్పు వస్తోందా, పెట్రోలు వస్తోందా? ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించి, ఇంజిన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టమంటే నిప్పు కనిపిస్తుంది. పెట్రోలు పైపు పరీక్ష వేరేగా, నిప్పు పరీక్ష పూర్తయి ఇగ్నిషన్ వైరు తీసేశాకే చేయాలి. రెండూ ఒకేసారి చేయబోయి మంట అంటించుకున్నవాళ్లని చూశాను. పంపు ఇంజిన్ పక్కనే ఉండే మెకానికల్ పంపు. దానిలోని పలచటి పొర, డయాఫ్రం, చిరిగితే పెట్రోలు బయటికో, ఇంజిన్ ఆయిల్లోకో పోతుంది. ఆయిల్ గేజ్ పుల్ల తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. స్లో స్పీడ్‌లో నిలబడకపోతే కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే సన్న బొక్క ఉన్న జెట్‌లో చెత్త చేరినట్టే. జెట్ విప్పి గాలి కొట్టాలి, సూది పెట్టి పొడవకూడదు. ఆ బొక్క కొలత వెంట్రుకవాసి పెరిగినా మైలేజీ పోతుంది, మళ్లీ రాదు.

ఎంపీఎఫ్‌ఐలో ఈ ఇంద్రియజ్ఞానం సగమే పనికొస్తుంది. తాళం తిప్పగానే వెనకనుంచి రెండు మూడు సెకన్లు జుయ్‌మని పంపు చప్పుడు రావాలి. రాకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాత పంపు. ఇంతవరకు ఎవరైనా చూసుకోవచ్చు. స్లో స్పీడ్ పైకీ కిందకీ ఊగుతుంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలో మసి తుడవొచ్చు. అది దాటితే సెన్సర్లు, వైరింగ్. స్కానర్ లేకుండా చీకట్లో తడుముకోవడమే. పైగా పెట్రోలు పైపులో ఒత్తిడి ఉంటుంది. కార్బొరేటర్ బండి అనుకుని అలవాటుగా పైపు లాగితే ముఖం మీద చిమ్ముతుంది. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపించి, అప్పుడు విప్పాలి.

ఇంట్లో నేర్చుకోవడానికి మేలైనది అంబాసిడర్, ఆ వెంటనే కార్బొరేటర్ 800. కానీ వర్షంలో, రాత్రిపూట, పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరే ఇంటికి ఎంపీఎఫ్‌ఐ మేలు. అది తరచుగా చెడదు, ట్యూనింగ్ అడగదు, చలికాలం పొద్దున చోక్ లాగమనదు. రిపేరు తేలికగా ఉండటం వేరు, రిపేరు తక్కువగా రావడం వేరు. బండి అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి చెప్తారు, ఒప్పుకోకండి.

ఇప్పుడు నీళ్ల సంగతి. దీని మీద నాకు చాలా పట్టింపు ఉంది, ఎందుకంటే మన ప్రాంతంలో పాత ఇంజిన్లు చచ్చేది ఎక్కువగా వేడికే.

షెడ్డుల్లో తరతరాలుగా నడుస్తున్న సలహా ఒకటుంది: "థర్మోస్టాట్ వాల్వు తీసి పారేయ్, మన ఎండలకి అక్కర్లేదు." ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని ఆ వాల్వును అంబాసిడర్‌లో తీసేస్తే ఇంజిన్ ఆలస్యంగా వేడెక్కుతుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది, అయినా బండి నడుస్తుంది. అందుకే ఆ సలహా ఇన్నేళ్లు బతికింది. అదే పని ఎంపీఎఫ్‌ఐలో చేస్తే, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ చెబుతూనే ఉంటుంది, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, పొల్యూషన్ పరీక్షలో బండి పోతుంది. ఎవరూ థర్మోస్టాట్‌ని అనుమానించరు. వాల్వు మంచిదో కాదో ఇంట్లోనే చూడొచ్చు. వంటకి వాడని గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వాల్వును వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. నీళ్లు మరిగేలోపే అది నోరు తెరవాలి. తెరవకపోతే కొత్తది వేయాలి, తీసేసి ఊరుకోకూడదు.

రేడియేటర్లో బోరు నీళ్లు పోయడం కూడా అంబాసిడర్ కాలపు అలవాటే. దాని ఇంజిన్ బ్లాకు, బ్లాకు మీద మూతలా కూర్చునే హెడ్డు రెండూ పోత ఇనుము. తుప్పు పట్టినా, గార కట్టినా చాలాకాలం ఓర్చుకుంటుంది. మారుతి హెడ్డు అల్యూమినియం. ఉప్పు నీళ్లకి తినుకుపోతుంది, ఒక్కసారి బాగా కాగితే వంగుతుంది. తర్వాత హెడ్డు కింది గ్యాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా, హెడ్డును లేత్ మీద చదును చేయించనిదే (ఫేసింగ్) కారడం ఆగదు. గుంటూరు, ప్రకాశం, నల్లగొండ వైపు బోరు నీళ్లు కెటిల్‌ని ఏం చేస్తాయో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మూడు బండ్లకీ కూలెంట్, డిస్టిల్డ్ వాటరే పోయండి. మారుతికి మాత్రం ఇందులో రాజీ లేదు. వేడి చూపే ముల్లు పైకి పోతే బండి పక్కకి తీసి ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పొద్దు.

బండి కింది పని గురించి ఎక్కువ చెప్పను. అంబాసిడర్‌కి ముందు భాగంలోనూ స్టీరింగు జాయింట్లకీ గ్రీజు నిపుల్స్ ఉంటాయి, వాటిని మరిచిపోతే ముందు చక్రాలు పక్కలకి తిరిగే కింగ్ పిన్నులు అరిగి స్టీరింగు వదులవుతుంది. మారుతికి ఆ గొడవ దాదాపు లేదు. ఏ బండికైనా ఒకటే నియమం: జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, ఊడదీసిన చక్రాన్ని కూడా ఛాసిస్ కిందికి తోయండి.

సామాన్ల విషయంలో మారుతికి సాటి లేదు. 800 తయారీ 1983లో మొదలై 2014 జనవరిలో ఆగింది. కానీ ఇదే 796 సీసీ కుటుంబం ఇంజిన్‌తో ఓమ్నీ 2019 దాకా వచ్చింది. విజయవాడ ఆటోనగర్లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే చాలా సామాన్లు ఆ రోజే దొరుకుతాయి. కార్బొరేటర్ కిట్లే జాగ్రత్త. డూప్లికేటు డయాఫ్రంలు ఆరు నెలలకే గట్టిపడతాయి, రెండు కొని చేత్తో వంచి చూసి మెత్తగా ఉన్నది వేయాలి. అంబాసిడర్ 2014 మేలో ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. ఇంజిన్ సామాన్లు ఇంకా తిరుగుతున్నాయి గానీ గాజులు, డోరు రబ్బర్లు, బాడీ రేకులు వెతుక్కోవాలి. ఊళ్లో దాన్ని తెలిసిన ముసలి మేస్త్రీ ఒక్కరైనా ఉంటేనే అంబాసిడర్ కొనమంటాను. ఆయన పక్కన ఒక సంవత్సరం నిలబడి నేర్చుకోగలిగితే అంతకన్నా మంచి బడి లేదు.

కొత్తగా వచ్చిపడిన చిక్కు ఇథనాల్. బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ మూడు బండ్లూ దానికోసం తయారైనవి కావు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, కార్బొరేటర్ గ్యాస్కెట్లు ఉబ్బి పగులుతాయి. కార్బొరేటర్ తనంతట తాను పెట్రోలు పాళ్లు సర్దుకోలేదు. ఎంపీఎఫ్‌ఐ ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని కొంతమేర సర్దుకుంటుంది, ఈ లెక్కలో అది ముందుంది. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. నేను గత ఏడాది పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేశాను. ఖర్చు తక్కువ, తప్పించేది మాత్రం ఇంజిన్ గదిలో మంట. పాత బండి కొన్న మొదటి వారంలో చేయాల్సిన పని ఇదే, పాలిష్ కాదు.

కాగితాలు కూడా లెక్కలోకి తీసుకోండి. 15 ఏళ్లు దాటాక ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది, 20 ఏళ్లు దాటిన బండికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. పొగ పరీక్షలో పాత కార్బొరేటర్ బండ్లకి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఒప్పుకుంటారు, బీఎస్-2, బీఎస్-3 (భారత్ స్టేజ్ పొగ ప్రమాణాలు) బండ్లకి 0.5 శాతమే. సెన్సర్ చెడిన ఎంపీఎఫ్‌ఐని నెట్టుకొద్దామంటే ఇక్కడ కుదరదు.

నన్ను ఒకటే ఎంచుకోమంటే కార్బొరేటర్ 800 అంటాను. పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు పానాలు, ప్లగ్ పానా, ఫిల్లర్ గేజ్, మల్టీమీటర్ ఉంటే ముప్పావు వంతు పనులు ఇంటి ముందే అయిపోతాయి. బ్రేకులు, స్టీరింగు, టైమింగ్ బెల్టు మాత్రం మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన నిలబడి చూశాకే చేతిలోకి తీసుకోండి. రోజూ ఆఫీసుకి వెళ్లాల్సిన, ఆదివారం ఒక్కటే ఖాళీ దొరికే మనిషికి ఎంపీఎఫ్‌ఐ. ఇంటి పక్కన షెడ్డు కట్టుకునే జాగా, ఓపిక, ఆ ముసలి మేస్త్రీ స్నేహం ఉన్నవాళ్లకి అంబాసిడర్.

బంధువు చెప్పినా, మేస్త్రీ చెప్పినా, ఫోన్లో వీడియో చూపించినా, పానా పట్టేముందు అడగండి: ఇది ఏ బండి మీద చేశారు, ఏ సంవత్సరం బండి? ఆ ప్రశ్న మా బావగారి ఇంటి ముందు ఆ రోజు నేను అడగలేదు.

బావగారి బండికి ఆటోనగర్లో పాత కంప్యూటర్ బాక్సు దొరికింది, ఇప్పుడు బాగానే తిరుగుతోంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పెద్దాయన్ని పిలిచి మల్టీమీటర్ చూపించాను. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ మీద 12.6, స్టార్ట్ చేశాక 14.1. ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. "అంటే కేబుల్ తియ్యక్కర్లేకుండానే డైనమో సంగతి చెప్పేస్తోందన్నమాట" అన్నారు. వెళ్లేటప్పుడు అది ఎక్కడ దొరుకుతుందో అడిగి, కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నారు.