నల్లగొండ నుంచి స్టాక్ ఫొటోగ్రఫీ: కొన్నేళ్లు చేశాక నా సమీక్ష

స్టాక్ ఫొటోగ్రఫీ అంటే ఫొటోలు వెబ్‌సైట్లలో పెట్టి, వాడుకోవాలనుకునేవాళ్లకు అమ్మడం. అలా ఫొటోలు అప్‌లోడ్ చేసి నెలనెలా జీతమంత సంపాదించొచ్చని చెప్పే వీడియోలు నమ్మి ఈ పనిలోకి దిగొద్దు. అలాగని ఇది పనికిరానిదీ కాదు. నేను నల్లగొండలో పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. ముహూర్తాలు లేని నెలల్లో స్టాక్ ఫొటోల మీద కూర్చుంటాను. అడోబ్ స్టాక్, షట్టర్‌స్టాక్ సైట్లు రెండింటిలోనూ పెడతాను, కొన్ని అలామీలో కూడా. వచ్చే డబ్బుతో స్టూడియో కరెంటు బిల్లు, చిన్నాచితకా రిపేర్లు వెళ్లిపోతాయి. ఇల్లు గడవదు. అయినా నేను దీన్ని వదలను. పెళ్లి ఆల్బమ్‌కి డబ్బు ఒక్కసారే వస్తుంది, ఇక్కడ ఎప్పుడో తీసిన ఫొటో ఇంకా అమ్ముడవుతూనే ఉంటుంది.

ముందు రేట్ల సంగతి తెలుసుకోండి. అడోబ్ స్టాక్‌లో ఫొటోకి 33 శాతం మనకిస్తారు, వీడియోకి 35 శాతం. కొనేవాళ్లలో ఎక్కువమంది చందా కట్టినవాళ్లే కాబట్టి చాలా డౌన్‌లోడ్లకు సెంట్లలోనే వస్తుంది. ఖాతాలో 25 డాలర్లు చేరితేనే తీసుకోగలం. షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో పద్ధతి మార్చింది: ఆ ఏడాదిలో అయిన డౌన్‌లోడ్లను బట్టి 15 నుంచి 40 శాతం దాకా ఆరు మెట్లు. ప్రతి జనవరి 1న అందరూ మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. కనీస చెల్లింపు డౌన్‌లోడ్‌కి 10 సెంట్లు. కొత్తవాళ్లు అడోబ్‌తో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం లేదు కాబట్టి అదే ఫొటో మిగతా చోట్ల కూడా పెట్టుకోవచ్చు.

ఏం తీయాలన్నదే అసలు ప్రశ్న. సాగర్‌లో 26 గేట్లూ ఎత్తిన రోజు డ్యామ్ దగ్గర ఫోన్ ఎత్తని మనిషి ఉండడు. ఆ ఫొటోలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. పిల్లలమర్రి, ఆలంపూర్ గుళ్లు కూడా అంతే, ఎంత బాగా తీసినా పోటీ ఎక్కువ. నా దగ్గర బాగా కదిలేవి పనికి సంబంధించిన ఫొటోలు. బత్తాయి తోటలో కాయ కోసి ట్రేలలో సర్దుతున్న చేతులు, పత్తి ఏరే ఆడవాళ్లు, ఐకేపీ సెంటర్లో (వడ్లు కొనే కేంద్రంలో) ఆరబోసిన వడ్లు, పురుగు పట్టిన పత్తి కాయ, బీటలు వారిన చెరువు. వ్యవసాయం మీదా వాతావరణం మీదా రాసేవాళ్లకు, విత్తన కంపెనీల బ్రోచర్లకు, పాఠ్యపుస్తకాలకు ఇవి కావాలి. పోచంపల్లిలో చీర ఒక్కటే తీసి రావద్దు. ఆసు పోయడం (నూలును మేకుల మీద వరుసగా చుట్టడం), నూలుకి చిటికి కట్టడం (రంగు అంటకుండా ముడులు బిగించడం), రంగులో ముంచడం, మగ్గం మీద నేయడం, ఒక్కో దశా విడిగా తీయండి. ఒక పని మొదటి నుంచి చివరి దాకా వరుసగా దొరికితే కొనేవాళ్లు నాలుగైదు ఒకేసారి తీసుకుంటారు.

ముఖం గుర్తుపట్టేలా ఉన్న మనిషి ఫొటో ప్రకటనలకు అమ్మాలంటే మోడల్ రిలీజ్ (ఫొటో వాడుకోవడానికి ఆ మనిషి ఒప్పుకుంటూ ఇచ్చే పత్రం) తప్పనిసరి. ఆ మనిషి సంతకం, సాక్షి సంతకం ఉండాలి. పిల్లలైతే తల్లి లేదా తండ్రి పెట్టాలి. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది కదా, కూలికి వచ్చినవాళ్లకు అందులో ఏముందో తెలుగులో పూర్తిగా చెప్పకుండా సంతకం తీసుకోవడం అన్యాయం. "ఏడ పెడ్తవు బిడ్డా నా ఫొటో?" అని ఒక పెద్దమ్మ అడిగింది. ఏ దేశంలోనైనా, ఏ ప్రకటనలోనైనా రావొచ్చు, తర్వాత ఆపడం నా చేతిలో ఉండదని చెప్పాను. ఆమె వద్దంది, తీయలేదు. ఒప్పుకున్నవాళ్లకు ఆ పూట కూలికి తగ్గకుండా ఇస్తాను. ఇది ఖర్చులో రాసుకోవాల్సిందే. ఒప్పుకోనివాళ్ల చేతులూ వీపులూ మాత్రమే వచ్చేలా తీసినా అమ్ముడవుతాయి, కాకపోతే అప్పుడూ అడిగే తీయండి.

షట్టర్‌స్టాక్, అలామీలలో రిలీజ్ లేకుండా ఎడిటోరియల్ కింద పెట్టొచ్చు. అవి వార్తలకు, వ్యాసాలకే, ప్రకటనలకు పనికిరావు. కాప్షన్‌లో ఊరు, తేదీ, ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు రాయాలి. సంతలు, జాతరలు, సభలు నేను ఇలాగే పెడతాను.

తిరస్కరణలు మొదట్లో చాలా వస్తాయి. యూరియా బస్తా మీద పేరు, ట్రాక్టర్ బానెట్ మీద లోగో, చొక్కా మీద బొమ్మ కమర్షియల్ (ప్రకటనలకు అమ్మే) ఫొటోలో కనిపిస్తే తిప్పి పంపేస్తారు. తీసేటప్పుడే బస్తా తిప్పి పెట్టుకుంటే ఎడిటింగ్ తిప్పలు తప్పుతాయి. ఒకే ఫ్రేమ్ పదిసార్లు నొక్కి పదీ పెట్టినా ఒప్పుకోరు. కెమెరా గురించి టెన్షన్ పడకండి. అడోబ్‌కి 4 మెగాపిక్సెల్ చాలు, మంచి వెలుతురులో ఫోన్ ఫొటో కూడా పాసవుతుంది.

ఫొటో కంటే కీవర్డ్స్‌కే (వెతికేవాళ్లకు ఫొటో దొరకడానికి మనం రాసే మాటలు) నాకు ఎక్కువ సేపు పడుతుంది. అడోబ్‌లో 49 దాకా ఇవ్వొచ్చు, మొదటి పదీ ముఖ్యం. బత్తాయికి స్వీట్ లైమ్, మోసంబి, సిట్రస్ అన్నీ రాయాలి, మన పేరుతో వెతికేవాడు విదేశాల్లో ఉండడు. కానీ సంబంధం లేని మాటలు కుక్కితే వెతికేవాళ్లకు చిరాకు, మనకు నష్టం.

డబ్బు విషయంలో డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం మొదటి రోజే నింపండి. అందులో పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందం చూపిస్తే, అమెరికాలో అమ్ముడైన వాటి మీద కోత 30 నుంచి 15 శాతానికి తగ్గుతుంది. ఖాతాలో పేరు పాన్ మీదున్నట్టే ఉండాలి. నా ఇంటి పేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉందని ఒక చెల్లింపు సంస్థ నా డబ్బు చాలా రోజులు ఆపింది, ఎన్ని మెయిళ్లు పెట్టినా ఒకే జవాబు. చివరికి బ్యాంకు నుంచి లెటర్ తెచ్చి పంపితే కదిలింది. ఈ ఆదాయం రిటర్నుల్లో చూపించాలి, అమెరికాలో కోసిన పన్నుకు ఇక్కడ మినహాయింపు అడగొచ్చు.

ఇంకొక్క మాట పండుగల ఫొటోల గురించి. బతుకమ్మ నాడు తీసి ఆ రాత్రే పెట్టినా అప్పటికి కొనేవాళ్ల పని అయిపోయి ఉంటుంది. క్యాలెండర్లు, ప్రకటనలు చేసేవాళ్లు రెండు మూడు నెలల ముందే వెతుకుతారు. ఈ ఏడు తంగేడు, గునుగు పూలతో తీసినవి కీవర్డ్స్ రాసి సిద్ధం చేసుకుని, వచ్చే ఆషాఢంలోపు రివ్యూ అయిపోయేలా అప్‌లోడ్ చేయండి.